గేజీ రాయిని నమ్మిన పదకొండు రోజులు

నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్లు ముందు అడిగేది ప్రమోషన్ల గురించి. నాకు ఆలస్యంగా వచ్చాయి. ఎందుకు ఆలస్యమయ్యాయో చెప్పినా వాళ్లకు పనికిరాదు. తర్వాత అడిగేది ఏ పుస్తకం చదవాలని. దొరికింది చదవండి అంటాను. ఈ ఉద్యోగంలో మీరు చేసిన పెద్ద తప్పేమిటని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మర్యాద కొద్దీ అడగరేమో. అడగని ప్రశ్నకే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన పనంతా ఆ తప్పులోంచి నేర్చుకున్నదే.

పని ఏమిటంటే

డెబ్బయ్యో దశకం మధ్యలో ఆళ్లగడ్డ సెక్షన్‌లో సూపర్‌వైజరుగా చేరాను. డిప్లొమా చేతికొచ్చిన కొత్త. కాలువ గట్టు మీద నిలబడితే నీళ్లు నేను చెప్పినట్టు వింటాయని అనుకునే వయసు.

మా కాలువ నీళ్లు మా దగ్గర పుట్టేవి కావు. పక్క రాష్ట్రంలో ఎక్కడో వాన పడి, అక్కడి ఆనకట్ట దాటి, తుంగభద్రలో దిగి, సుంకేసుల దగ్గర కాలువలో పడి, నంద్యాల మీదుగా మా దాకా వచ్చేవి. అంత దూరంలో పైన ఉన్న ప్రతివాడూ ఒకే మాట అనేవాడు: నా నేల మీద ఉన్నంతసేపు ఇవి నా నీళ్లు. కిందివాడి మాట వేరు: మా తాత కాలం నుంచి వస్తున్నాయి, ఇవి నావి. రెండు మాటలూ అబద్ధం కావు. మధ్యలో కొలత చెప్పే మనిషి నేను. ఇద్దరి తిట్లూ నాకే దక్కేవి.

నంద్యాలలో మా పై అధికారి రంగనాథం గారు. కోస్తా మనిషి. వక్కపొడి నములుతూ పేపరు చదివేవారు, చేతిలో పెన్సిలు ఉండేది. గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. అంతకుముందున్న అధికారికి జీపు దిగే అలవాటు లేదు, ఈయన మాత్రం జీపు రోడ్డు మీద వదిలేసి గట్టు వెంట నడిచేవారు. జీపులోంచి చూస్తే కాలువ కనపడదు, సైకిల్ మీద పోతే సగం కనపడుతుంది, మిగతా సగం నడిచేవాడికేనని ఆయన లెక్క. నాకు సైకిల్ ఉండేది. ఆ సగం ఎంత ముఖ్యమో ముందు ముందు చెబుతాను.

చేరిన కొత్తలో ఒకసారి ఆయన నాతో అన్నారు: “దేశాలు నదుల కోసం పోట్లాడుకునేదీ ఇందుకేనోయ్. వాళ్లు సార్వభౌమాధికారం అంటారు, మనవాళ్లు మా ఊరి పొలిమేర అంటారు. మాట పొడుగులోనే తేడా.”

నేను నవ్వి ఊరుకున్నాను. ఆళ్లగడ్డ కాలువకు దేశాలతో ఏం పనిలే అనుకున్నాను.

రెండూళ్లు, ఒక వంతెన

ఆ రెండూళ్ల అసలు పేర్లు రాయను. అప్పటివాళ్ల మనవళ్లు ఇంకా అదే కాలువ కింద వరి వేస్తున్నారు. ఎగువూరు, దిగువూరు అంటాను.

రెండింటి మధ్య ఒక చిన్న వంతెన. వంతెన కింద గోడకు ఆనించి, అడుగులూ అంగుళాలూ గీసిన రాయి. అందరూ దాన్ని గేజీ రాయి అనేవాళ్లు. వంతెన దాటాక ఎగువూరిది ఒకే ఒక తూము ఉండేది, ఆ తర్వాత కాలువంతా దిగువూరిదే. రాయి మీద నీళ్లు మూడడుగులు ఉంటే దిగువూరి వంతు దిగువూరికి పోతున్నట్టు లెక్క. పొద్దున్నే సైకిల్ మీద వచ్చి, వంగి రాయి చూసి, పుస్తకంలో రాసుకొని పోవడం నా పని.

ఎగువూరికి శేషన్న పెద్ద రైతు. తెల్లటి మీసం, భుజాన తువాలు, మాట తూటా. దిగువూరిలో రాహేలమ్మ అనే ఆమె ఉండేది. భర్త పోయాడు. రెండెకరాలు గుత్తకు తీసుకొని, తన చేత్తోనే నాటుకొని, తన చేత్తోనే కలుపు తీసుకునేది. ఆళ్లగడ్డలో నేను పోయే చర్చికే ఆమె కూడా ఆదివారాలు నడిచి వచ్చేది. మా నాయన నందికొట్కూరు దగ్గర మిషన్ బడిలో పంతులు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే నన్ను మనోడు అనేది.

ఆ మాటే నాకు గుచ్చుకునేది. తనవాళ్లకు మేలు చేశాడని ఎగువూరు అంటుందేమోనని నాకు లోపల భయం. నిష్పక్షపాతంగా ఉండాలని పట్టుదల. అది మంచి గుణమే, కానీ నేను దాన్ని దాక్కోవడానికి వాడుకున్నాను.

పదకొండు రోజులు

రెండో ఏడో మూడో ఏడో, కార్తీకం దాటింది. వరి పొట్ట మీదుంది. ఆ సమయంలో తడి తప్పితే కంకి తాలుపోతుంది, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా గింజ పట్టదు. ఒక మధ్యాహ్నం రాహేలమ్మ సెక్షన్ ఆఫీసుకు వచ్చింది.

“సారూ, మాకు నీళ్లు రాలేదు. పైనోళ్లు కట్టేసినారు.”

నేను పుస్తకం తిప్పి చూపించాను. “చూడమ్మా, పొద్దున మూడడుగుల రెండంగుళాలు ఉంది. మీ వంతు కంటే ఎక్కువే పోతోంది.”

“నువ్వు రాసుకుంటే వస్తాయా నీళ్లు? మడి నెర్రెలిస్తాంది.”

“మీ ఊరోళ్లే ముందు పొలాలోళ్లు వాడేసుకుంటున్నారేమో. అది మీలో మీరు చూసుకోండి.”

పైవాళ్లు కట్టేశారన్న మాట ప్రతి చివరి ఊరూ ప్రతి ఏడూ అంటుంది. విని విని చెవులు మొద్దుబారిపోతాయి. ఆమె మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ప్రతిసారీ నేను పుస్తకమే చూపించాను. ఐదో రోజున, “మనోడివి, నువ్వన్నా నమ్ముతావనుకుంటి” అంది. దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది. “ఇక్కడ మనోడు, పరాయోడు లేరమ్మా. రాయి ఏం చెబితే అదే” అన్నాను. చాలా గొప్పగా మాట్లాడానని ఆ రోజంతా మురిసిపోయాను కూడా.

పన్నెండో రోజు పొద్దున వంతెన దగ్గరికి పోయేసరికి ఆమె అక్కడ కూర్చుని ఉంది. చేతిలో ఎండు గడ్డిపరక.

“మూడడుగులు ఉండాదా అప్పా?” అంది.

“ఉంది. ఇంకో అంగుళం ఎక్కువే ఉంది.”

ఆమె గడ్డిపరకను నీళ్లలో వేసింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. పరక అక్కడక్కడే తిరుగుతూ, గోడకు ఆనుకొని ఆగిపోయింది.

“నీ నీళ్లు నిలబడుకోనుండాయి సూడు. నిలబడుకున్న నీళ్లు మా ఊరికి ఎట్లొస్తాయి?”

సైకిల్ అక్కడే పడేసి గట్టు దిగాను. వంతెన దాటి, ఎగువూరి తూము దాటి, కాలువ తుమ్మచెట్ల వెనక వంపు తిరిగే చోట అడ్డంగా రాళ్లు, ఇసుక బస్తాలు, కంప. నీటి పైకి ఏదీ కనపడదు, కాలు పెడితేనే తగులుతుంది. అడ్డం వేసేసరికి నీళ్లు వెనక్కి ఎక్కాయి. ఎక్కిన నీళ్లతో గేజీ రాయి నిండుగా చూపింది, ఎగువూరి తూములన్నీ కడుపునిండా తాగాయి. దిగువూరికి పోయింది అడ్డం మీంచి కారిన ధార మాత్రమే. నేను పదకొండు రోజులు నీటి ఎత్తు కొలిచాను. నీటి నడక చూడలేదు.

శేషన్న గట్టు మీదికి వచ్చాడు. దాచుకోలేదు, తడబడలేదు.

“మా పొలిమేరలో కాలువ. మా గట్టు. మా గట్టు కాడ మేము రెండు రాళ్లేసుకుంటే నీకేందీ?”

“దిగువూరు ఎండిపోతోంది శేషన్నా.”

“వాళ్లు నీళ్లు వంకలోకి వదిలేస్తాండారు. పారబోసేటోళ్ల కోసం మేము ఎండబెట్టుకోవాల్నా?”

ఆ పూటే లస్కర్లను, అంటే కాలువ కాపలా పనివాళ్లను, పిలిపించి అడ్డం తీయించాను. నీళ్లు దిగువూరికి పోయాయి. రాహేలమ్మ రెండెకరాలకు అప్పటికే ఆలస్యమైంది. తాలు కంకులు కోసి గొడ్లకు వేసింది. మళ్లీ ఆఫీసుకు రాలేదు. ఆదివారం చర్చిలో నాకు రెండు వరసల ముందు కూర్చుంది, తల తిప్పి చూడలేదు. నన్ను తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

పేపరు ముక్క

నంద్యాలకు పోయి రంగనాథం గారికి జరిగింది చెప్పాను. రాతలో చెప్పుకుంటే మెత్తగా రాసుకోవచ్చు, అందుకే నోటితో చెప్పాను. ఆయన అంతా విని, “ఎన్ని రోజులు నమ్మావోయ్ ఆ రాయిని?” అన్నారు.

“పదకొండు రోజులు సార్.”

“ఎందుకు నమ్మావు?”

“ఎవరి పక్షమూ వహించకూడదని.”

ఆయన పెన్సిలు కింద పెట్టారు. “ఆ రాయి ఎగువూరి చేతిలో ఉందోయ్. దాన్ని నమ్మడమంటే ఎగువూరి పక్షం వహించడమే. నీకు తెలియకుండా వహించావు, అంతే.”

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ నన్ను ఇంతకంటే మెత్తగా తిట్టలేదు, ఏ తిట్టూ ఇంత లోతుకు దిగలేదు.

తర్వాత సొరుగులోంచి పెన్సిలు గీతలున్న పేపరు ముక్క తీశారు. గంగ నీళ్ల మీద మన దేశానికీ బంగ్లాదేశ్‌కూ ఒప్పందం కుదిరిన రోజులవి. ఫరక్కా దగ్గర ఒక కొలత, సరిహద్దు దాటాక వాళ్ల వంతెన దగ్గర ఒక కొలత. రెండు చోట్లా రెండు దేశాల మనుషులూ ఉండి, కలిసి చూసి రాసుకుంటారు.

“ఎవరి దేశం వాళ్లదే. ఎవరూ ఎవరికీ అధికారం ఇచ్చుకోలేదు. నా ఇంట్లో నీ మనిషి కూర్చుని చూడొచ్చు అని మాత్రం ఒప్పుకున్నారు. దేశాలకు దేశాలే ఒప్పుకుంటే నీ రెండూళ్లు ఒప్పుకోవా?”

ఒప్పుకోవు సార్ అనబోయాను. కానీ అనడానికి నాకు మొహం చెల్లలేదు.

ఎడమ పేజీ, కుడి పేజీ

మరుసటి ఏడు నాట్లకు ముందు రెండూళ్లనూ వంతెన దగ్గరికి పిలిచాను. దిగువూరి మనిషి ఎగువూరి తూము దగ్గర కూర్చుని చూస్తాడు. ఎగువూరి మనిషి దిగువూరి చివర దాకా పోయి, నీళ్లు వంకలో పారబోస్తున్నారో లేదో చూస్తాడు. పొద్దున్నే ఇద్దరూ వంతెన మీద కలిసి కొలత చూసి ఒకే పుస్తకంలో రాయించుకుంటారు. ఇదీ నేను చెప్పింది.

శేషన్న లేచి నిలబడ్డాడు. “మా తూము కాడ వాళ్ల మనిషా? మేమేమన్నా దొంగలమా?”

“మీరు కాదు కాబట్టే చూడనివ్వండి అన్నా. వాళ్లు పారబోస్తున్నారని మీరన్నారు కదా. మీరూ పోయి చూడండి.”

దిగువూరి వాళ్లకూ ఇది నచ్చలేదు. చివర తూము సరిగా మూసుకోకుండా వంకలోకి వదలడం వాళ్ల అలవాటు, అది నాకూ తెలుసు. ఎండిపోయేవాడు అమాయకుడే అయి ఉండాలన్న రూలేమీ లేదు. ఎవరూ ముందుకు రాకపోతే వెనక నుంచి రాహేలమ్మ లేచింది.

“నేను కూర్చుంటా. నాకు పోయినేడు సేను పోయింది. ఇంగ పోయేదేముండాది?”

శేషన్న ఎవరినీ నమ్మడు, అందుకని ఎగువూరి తరఫున తానే వస్తానన్నాడు. అట్లా మొదలైంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి రాయి చూడడం, ఆ తర్వాత పరక వేయడం. వంతెన దగ్గర వేసిన పరక తుమ్మచెట్టు దాకా పోయేలోపల ఇద్దరూ గట్టిగా లెక్కపెట్టాలి. నలభైకి చేరితే నీళ్లు బాగా నడుస్తున్నట్టు. అరవై దాటితే ఎక్కడో అడ్డం ఉన్నట్టు. మొదటి వారం ఇద్దరి లెక్కా కలవలేదు. శేషన్న నిదానంగా లెక్కపెట్టేవాడు, ఆమె గబగబా లెక్కపెట్టేది. తర్వాత్తర్వాత గొంతులు కలిశాయి. గట్టు మీద పోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు.

పుస్తకం దగ్గర మాత్రం శేషన్న మొండికేశాడు. రాహేలమ్మ వేలిముద్ర వేసింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

“ఆమె ఏలు పెట్టిన కాయితం మీద నా సంతకమా? కుదరదు.”

నేను ఎడమ పేజీ ఆయనకు, కుడి పేజీ ఆమెకు ఇచ్చాను. ఇది న్యాయమా అని మీరు అడిగితే కాదు. అప్పుడు నాకు నీళ్లు పారడం ముఖ్యమనిపించింది. రాహేలమ్మ ఆ ఏర్పాటు చూసి, “రాత యాడుంటే ఏమప్పా, తడి నా మడికి వస్తే సాలు” అంది. ఆమె అలా అన్నంత మాత్రాన నాకు సిగ్గు తగ్గలేదు.

ఏళ్లు గడిచాయి. నన్ను నంద్యాలకు మార్చినా ఆ సెక్షన్ నా కిందే ఉండేది. ఎడమ పేజీలు, కుడి పేజీలు నిండుతూ పోయాయి. గొడవలు పోలేదు. పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వాటి చోటు మాత్రం మారింది. ఇదివరకు కర్రలతో గట్టు మీద తేల్చుకునేవాళ్లు, ఇప్పుడు పరక పట్టుకొని వంతెన మీద అరుచుకునేవాళ్లు.

నీళ్లు తక్కువైన ఏడు

ఎనభయ్యో దశకం నడుమ ఒక ఏడు నదే సన్నబడింది. కాలువకు ఇంకో ఎనిమిది రోజులే నీళ్లని పైనుంచి కబురు వచ్చింది. వరి మళ్లీ పొట్ట మీదుంది. ముందు నాలుగు రోజులు ఎగువూరికి, తర్వాత నాలుగు రోజులు దిగువూరికి అని వంతెన మీద ఒప్పుకున్నారు. ఆ ఏడు కూడా రాహేలమ్మవి రెండెకరాలే, గుత్తవే. ఆ ఒక్క తడి అందకపోతే మళ్లీ తాలు కోసుకోవాలి.

నాలుగో రోజు పొద్దు వాలకముందే నేను వంతెన దగ్గరికి పోయాను. ఎగువూరి జనం మూగి ఉన్నారు. శేషన్న తూము కింద ఇంకా రెండు మళ్లు తడవలేదు. మరొక్క రోజు పెట్టుకుందామని వాళ్ల పట్టు. ఒకాయన గట్టిగా అన్నాడు:

“పై రాష్ట్రమోళ్లు మన నీళ్లు కట్టేసుకోనుండారు. మనకు వదలనోళ్లుండంగా మనం కిందోళ్లకెందుకు వదలల్ల?”

జనం అవునవునన్నారు. పై రాష్ట్రం ఏం చేసిందో నాకు తెలియదు. ఆ ఏడు వానే లేదు. బజారులో అందరూ అదే మాట అంటున్నారు, కానీ వాళ్లలో నది దాకా పోయి చూసొచ్చినవాడు ఒక్కడూ లేడు. రాహేలమ్మ వంతెన గోడ మీద పరక పట్టుకొని కూర్చుంది. పోలీసులను పిలిచే అధికారం నాకుంది, కానీ ఆ రోజు పిలిస్తే మర్నాటి నుంచి ఆ వంతెన మీద పుస్తకం ఉండదు.

శేషన్న తువాలు దులిపాడు.

“పైనోళ్లు కట్టేసినారో లేదో నాకు తెల్దు. నేను కట్టేసినాను. ఆ పొద్దు రాళ్లేసింది నేనే కదా, మరిసిపోతిరా?” అని తూము దగ్గరికి నడిచాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. తూము మూసే పలక దింపడానికి ఇంకొకరు చెయ్యి వేయబోతే వద్దన్నాడు. తానే దింపాడు. తడవని రెండు మళ్ల వైపు ఒకసారి చూసి, గట్టెక్కి వచ్చాడు.

“రాహేలమ్మా, పరక ఎయ్.”

అంతకుముందు ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. ఏమే అనేవాడు. ఆమె పరక వేసింది. ఇద్దరూ లెక్కపెట్టారు. మొదట నిదానంగా కదిలిన పరక, అంతలోనే వేగం పట్టింది. నలభై నాలుగుకు తుమ్మచెట్టు దాటి, వంపు తిరిగి, దిగువూరి వైపు పోయింది.

పుస్తకం తెరిచాను. ఆమె కుడి పేజీలో వేలిముద్ర వేసింది. శేషన్న పుస్తకం తన వైపు తిప్పుకొని, అదే కుడి పేజీలో, ఆ వేలిముద్ర కిందనే సంతకం పెట్టాడు. నేను ఆయన మొహం చూశాను.

“ఏం సూస్తాండావప్పా? ఎడం పేజీ నిండిపాయె.”

ఎడమ పేజీ సగం ఖాళీగా ఉంది. నేను పుస్తకం మూసేశాను.

ఆ ఏడు రాహేలమ్మ వరి పండింది. శేషన్నకు రెండు మళ్లు తాలుపోయాయి. కోతలప్పుడు నేను దిగువూరికి నడిచిపోయాను, సైకిల్ మీద కాదు. ఆమె కొడవలి పట్టుకొని మడిలో ఉంది. ఇన్నేళ్లు నోట్లో ఆగిపోయిన మాట ఆ రోజు మడి గట్టు గెనెం మీద నిలబడి చెప్పాను.

“ఆ ఏడు నీ మాట నమ్మలేదమ్మా. నీ పంట పోవడానికి నేనే కారణం. నన్ను క్షమించు.”

ఆమె నడుం ఎత్తి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“నన్ను నమ్మకపోతే పాయె, అప్పా. నీళ్లనన్నా సూడాల్సింది కదా” అని మళ్లీ వంగి కోత కోసుకుంది.